దమ్ము జీన్స్‌లో ఉంటుందట!

తప్పు నాదే, ముందే ఒప్పేసుకుంటున్నా. పోయిన దీపావళికి ఆన్‌లైన్లో ఒకటి కొంటే ఒకటి ఉచితం అంటే ఆశపడి డీఎన్ఏ టెస్టు కిట్లు రెండు కొన్నాను. ఒకటి నాకు, రెండోది మా మేనల్లుడికి. వాడు నిజామాబాద్‌లో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. ఏడాదిన్నరగా బాక్సింగ్ నేర్చుకుంటున్నాడు. సరదాగా ఉంటుంది కదా, మామయ్య పంపిన సైన్సు బొమ్మ అనుకుంటాడు కదా అనుకున్నాను. ట్యూబులో ఉమ్మి నింపి పంపారు. నెల తిరిగేసరికి నలభై పేజీల పీడీఎఫ్ వచ్చింది. నిండా రంగురంగుల మీటర్లే. అందులో ఓ పేజీ మీద ఇలా ఉంది: స్టామినా తక్కువ, పవర్ క్రీడలకు అనుకూలత తక్కువ, సూచించిన వ్యాయామాలు యోగా, నడక, గోల్ఫ్. (నిజామాబాద్‌లో గోల్ఫ్! సరే పోనీండి.)

మా బావ ఆ పేజీ ప్రింటు తీయించాడు. ఫోన్ చేసి, "చూస్తివా బామ్మర్దీ, రిపోర్టులనే రాసున్నది. వాని ఒంట్లనే దమ్ము లేదంటుంటే ఇగ గా ఎండల ఉరికిచ్చి ఏం లాభం? ఐఐటీ ఫౌండేషన్ల ఏద్దాం" అన్నాడు. నేనేదో గొణుగుతుంటే వాడు ఫోన్ లాక్కుని, "మామా, నాకు పుట్టుకతోనే దమ్ము లేదంట గదా?" అని అడిగాడు.

ఆ రోజు నా దగ్గర సమాధానం లేదు. పన్నెండేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాణ్ణి, డేటా అంటే ఊరికే తల వంచే అలవాటు. నలభై పేజీలు చూసి నేనూ బెదిరాను. తర్వాత కూర్చుని చదివాను. చదివేకొద్దీ కోపం వచ్చింది, ముందు నా మీదే.

ఆ రిపోర్టు దేని మీద నిలబడిందో చూడండి. పట్టుమని పది జన్యువులు. అందులో పెద్ద పేరున్నది ఏసీటీఎన్3. వేగంగా సంకోచించే కండరాల్లో ఆల్ఫా ఆక్టినిన్-3 అనే ప్రోటీన్ తయారవ్వాలంటే ఇది పనిచేయాలి. ఇది పనిచేయనివాళ్ళు ప్రపంచంలో వంద కోట్ల మందికి పైనే ఉన్నారు. పెద్ద స్థాయి వంద మీటర్ల పరుగు వీరుల్లో ఇలాంటివాళ్ళు అరుదు, అది నిజమే. కానీ మనిషికీ మనిషికీ ఉండే తేడాలో ఈ ఒక్క జన్యువు తేల్చేది ఏ కొద్ది శాతమో. దాన్ని పట్టుకుని పదమూడేళ్ళ పిల్లాడికి మీటరు గీసి ఎర్రరంగు కొట్టేశారు. 2015లో ఈ రంగంలో పనిచేసే శాస్త్రవేత్తలు కొంతమంది కలిసి బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఒక ప్రకటన చేశారు. పిల్లల్లో ప్రతిభ వెతకడానికి, వాళ్ళకి ఏ శిక్షణ ఇవ్వాలో చెప్పడానికి ఈ టెస్టులు పనికిరావని అందులో తేల్చి చెప్పారు. టెస్టులు అమ్మేవాళ్ళు ఆ ప్రకటన చదవలేదేమో, లేక చదివే అమ్ముతున్నారేమో!

ఇక్కడ మా ఆఫీసు మేధావి ఒకాయన అడ్డం వస్తాడు. "బాస్, ఆ టెస్టు చెత్తే కావచ్చు. కానీ స్టామినాలో సగం జెనెటిక్సే అని రీసెర్చే చెప్తోంది కదా" అంటాడు. అవును, చెప్తోంది. ఏం చెప్తోందో చదివారా? ఈ "సగం" అన్నమాట మన ఇంజినీర్లు ఎంత తప్పుగా అర్థం చేసుకుంటారంటే, శాతాలతో బతికే మనుషులమేనా మనం అనిపిస్తుంది.

హెరిటేజ్ అని ఒక పెద్ద అధ్యయనం ఉంది. క్లాడ్ బౌచర్డ్ బృందం చేసింది. 98 కుటుంబాల నుంచి, అస్సలు వ్యాయామం లేని 481 మందిని తీసుకుని 20 వారాల పాటు సైకిల్ తొక్కించారు, అందరికీ ఒకే పద్ధతిలో. ఒంటికి ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం, అంటే వీఓటూ మాక్స్, సగటున నిమిషానికి 400 మిల్లీలీటర్ల దాకా పెరిగింది. కొంతమందికి దాదాపు ఏమీ పెరగలేదు, కొంతమందికి లీటరు పైన పెరిగింది. ఈ తేడాల్లో 47 శాతం వంశపారంపర్యంతో ముడిపడి ఉందని 1999లో ప్రచురించారు.

47 శాతం దేనిలో? మనిషికీ మనిషికీ మధ్య ఉన్న *తేడాలో*. మీ దమ్ములో 47 శాతం మీ తాతగారిచ్చారని కాదు. శిక్షణకి మిగిలింది 53 శాతమే అనీ కాదు. మా బావకి నేను వరి లెక్కలో చెప్పాను. ఒకే మడిలో నాలుగు రకాల వరి విత్తనాలు కలిపి చల్లు, అంతటికీ ఒకేలా నీళ్ళు పెట్టు, ఒకేలా ఎరువెయ్యి. ఒక దుబ్బుకీ ఇంకో దుబ్బుకీ మధ్య వచ్చే తేడా దాదాపు అంతా విత్తనానిదే అవుతుంది. అలాగని పైరు పెరగడంలో నీళ్ళకేం సంబంధం లేదందామా? మోటారు ఆపేసి చూడు, సాంబమసూరి అయినా ఎండుతుంది, ఇంకోటైనా ఎండుతుంది. హెరిటేజ్‌లో అందరికీ ఒకే శిక్షణ ఇచ్చారు కాబట్టే విత్తనం తేడా అంత స్పష్టంగా కనబడింది. నీళ్ళ పంపకంలో తేడా ఉంటే ఆ 47 అక్కడే ఉండదు. అది మనిషి మీద వేసే ముద్ర కాదు, ఆ మడి లెక్క. అంతే.

మరి ఏమీ పెరగనివాళ్ళ సంగతేంటి? వాళ్ళ గురించే 2017లో మోంటెరో, లుండ్‌బీ అనే ఇద్దరు ఇంకో పని చేశారు. 78 మందిని ఐదు గుంపులు చేసి వారానికి 60, 120, 180, 240, 300 నిమిషాల చొప్పున ఆరు వారాలు శ్రమ చేయించారు. తక్కువ నిమిషాల గుంపుల్లో "మాకేం పెరగలేదు" బాపతు చాలామంది తేలారు. 240, 300 నిమిషాల గుంపుల్లో ఒక్కళ్ళూ లేరు. తర్వాత ఆ పెరగనివాళ్ళకి వారానికి ఇంకో 120 నిమిషాలు కలిపి మరో ఆరు వారాలు చేయించారు. అందరికీ పెరిగింది! అంటే వాళ్ళలో లోపించింది జన్యువు కాదు, మోతాదు. నాలాంటివాడు వారానికి రెండు రోజులు ట్రెడ్‌మిల్ మీద ఫోన్ చూసుకుంటూ నడిచి "మా ఒళ్ళే అంత" అంటాడే, ఆ బాపతన్నమాట.

ఇదంతా ల్యాబుల్లో సైకిళ్ళ సంగతి. బాక్సింగ్‌కి వద్దాం. నాకు ఈ వాదనలో అన్నిటికన్నా బలమైన సాక్షి ఒకే ఒక్క మనిషి, జార్జ్ ఫోర్‌మన్.

1974 అక్టోబరు 30, కిన్షాసా. ఫోర్‌మన్‌కి 25 ఏళ్ళు, ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్. అంతకుముందు ఆడిన మూడు టైటిల్ పోరాటాలు ఎంతసేపు సాగాయో తెలుసా? ఫ్రేజియర్‌తో 2 రౌండ్లు, రోమన్‌తో 1, నార్టన్‌తో 2. మొత్తం కలిపి ఐదు రౌండ్లు. అలాంటివాడు ముహమ్మద్ అలీ మీద పడ్డాడు. అలీ తాళ్ళకి ఆనుకుని, మోచేతులు అడ్డం పెట్టుకుని, కొట్టుకోమన్నాడు. ఇతను కొట్టాడు. ప్రతి దెబ్బా చివరి దెబ్బ అన్నట్టు ఒంట్లో బలమంతా పెట్టి కొట్టాడు. ఐదో రౌండు అయ్యేసరికి చేతులు బరువెక్కిపోయాయి. ఎనిమిదో రౌండులో పడిపోయాడు. 1977లో సాన్ హువాన్‌లో జిమ్మీ యంగ్ చేతిలో మళ్ళీ అదే కథ. పన్నెండో రౌండులో కింద పడి, పాయింట్ల మీద ఓడి, బాక్సింగ్ మానేసి చర్చిలో బోధకుడైపోయాడు.

అక్కడితో ఆగిపోతే మన క్యాంటీన్ మేధావులు ఏమనేవాళ్ళు? "పంచ్ ఉంది కానీ బాస్, స్టామినా జీన్స్ లేవు" అనేవాళ్ళు. ఖచ్చితంగా అనేవాళ్ళు.

పదేళ్ళ తర్వాత, 1987లో తిరిగొచ్చాడు. ఆ మధ్యలో బరువు మూడొందల పౌన్లు దాటింది. జనం నవ్వారు. 1991 ఏప్రిల్‌లో, 42 ఏళ్ళ వయసులో, 28 ఏళ్ళ ఇవాండర్ హోలీఫీల్డ్‌తో పూర్తిగా 12 రౌండ్లు ఆడాడు. ఓడాడు, కానీ కిందపడలేదు. రౌండుకీ రౌండుకీ మధ్య స్టూలు మీద కూర్చోకుండా నిలబడేవాడు ఆ రోజుల్లో! 1994 నవంబరులో, 45 ఏళ్ళ వయసులో, పాయింట్లలో వెనకబడి ఉండి కూడా పదో రౌండులో మైకేల్ మూరర్‌ని పడగొట్టి మళ్ళీ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

పాతికేళ్ళప్పుడు ఎనిమిది రౌండ్లకే అయిపోయినవాడు నలభై దాటాక పన్నెండు రౌండ్లు నిలబడ్డాడు. జన్యువులు అవే. ఒళ్ళు ముసలిది, బరువు ఎక్కువ. మరి మారిందేంటి? భుజాలు వదులు చేయడం నేర్చుకున్నాడు. ప్రతి దెబ్బకీ ప్రాణం పెట్టడం మానేశాడు. జాబ్ వేస్తూ, నిదానంగా అడుగేస్తూ, ఎప్పుడు ఖర్చుపెట్టాలో ఎప్పుడు దాచుకోవాలో తెలిసిన సంసారిలాగా ఆడాడు. కిన్షాసాలో ఉక్క, అలీ కొట్టిన దెబ్బలు కూడా కారణాలేనంటారా? కాదనను. "ముసలి ఫోర్‌మన్ మెల్లగా ఆడాడు కాబట్టి నిలబడ్డాడు" అంటారా? అదే నేను చెప్పేది కూడా! మెల్లగా ఆడటం ఎవరికీ పుట్టుకతో రాదు, నేర్చుకుంటేనే వస్తుంది. మన భాషలో చెప్పాలంటే, లూపులో లూపు పెట్టి రాసిన కోడ్‌కి ఎంత పెద్ద సర్వరిచ్చినా ఎక్కడో ఒకచోట చతికిలబడుతుంది. ఫోర్‌మన్ సర్వర్ మార్చలేదు, కోడ్ మార్చాడు.

ఇది నా ఒంటి మీద కూడా చూశాను. (నవ్వకండి.) నేను 37 ఏళ్ళ వయసులో మణికొండలో ఓ బాక్సింగ్ జిమ్‌లో చేరాను. అప్పటికే పది కిలోమీటర్లు 61 నిమిషాల్లో పరిగెత్తేవాణ్ణి, దమ్ముందన్న పొగరు కూడా ఉండేది. మొదటిసారి స్పారింగ్‌కి దిగిన రోజు నిమిషంన్నరకి కళ్ళు బైర్లు కమ్మాయి. చేతులు పైకి లేవలేదు. ఎదుటివాడు ఇంజినీరింగ్ కుర్రాడు, వాడు పెద్దగా కొట్టనే లేదు పాపం. నా ఊపిరితిత్తులు అవే, గుండె అదే, జన్యువులు అవే. గంట పరిగెత్తినవాణ్ణి తొంభై సెకన్లు నిలబడలేకపోయాను.

ఆర్మీలో ఆడి వచ్చిన మా కోచ్ నీళ్ళిచ్చి, "సార్, మీకు దమ్ము లేక కాదు. మీరు ఊపిరే తీస్కోలే" అన్నాడు. నిజమే. దెబ్బ వస్తోందంటే ఊపిరి బిగబట్టేవాణ్ణి, దెబ్బ వేసేటప్పుడూ బిగబట్టేవాణ్ణి. పళ్ళు కరుచుకుని, భుజాలు చెవుల దాకా ఎత్తి, పిడికిళ్ళు గ్లవ్స్ లోపల మొత్తంసేపూ బిగించి ఉంచేవాణ్ణి. తగలని దెబ్బ తగిలిన దెబ్బ కన్నా ఎక్కువ అలుపు తెప్పిస్తుందని కూడా అప్పుడే తెలిసింది, ఎందుకంటే గాల్లోకి పోయిన చేతిని మళ్ళీ మనమే ఆపి వెనక్కి తెచ్చుకోవాలి. దీనికి తోడు భయం. భయపడితే గుండె ముందే దౌడు తీస్తుంది, గంట కొట్టకముందే సగం ఖర్చైపోతుంది. ప్రతి దెబ్బకీ ముక్కుతో బుస్సుమని ఊపిరి వదలడం నేర్చుకోవడానికే నాకు ఆరు వారాలు పట్టింది. నాలుగు నెలలకి రెండేసి నిమిషాల రౌండ్లు మూడు ఆడి, నా కాళ్ళ మీద నేను నడిచి బయటికొచ్చాను. ఆ నాలుగు నెలల్లో నా పది కిలోమీటర్ల టైము ఒక్క నిమిషమే తగ్గింది. మిగతా దమ్మంతా ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? కొత్తగా వచ్చింది పెద్దగా ఏం లేదు, కారిపోయేది ఆగిందంతే.

ఒళ్ళు మారదని కాదు. సాధన మొదలెట్టిన వారం, రెండు వారాల్లోనే రక్తంలో ప్లాస్మా పెరుగుతుంది. తర్వాత గుండె ఒక్కో కొట్టుకి ఎక్కువ రక్తం తోస్తుంది. నెలల మీద కండరాల్లో సన్నని రక్తనాళాలు, మైటోకాండ్రియా పెరుగుతాయి. మూడు వారాలు మానేస్తే అందులో కొంత జారిపోవడం కూడా మొదలవుతుంది. మానేసినా నిలబడి ఉండే ఆస్తి అయితే కాదది.

ఇహ మా క్యాంటీన్లో ఎప్పుడూ వచ్చే ఇంకో మాట: "హర్యానా వాళ్ళ రక్తం వేరు బాస్. మన పప్పన్నం ఒంటికి రాదు." 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కి మన దేశం నుంచి ఐదుగురు బాక్సర్లు వెళ్తే అందులో నలుగురు భివానీ వాళ్ళే, విజేందర్ కాంస్యం తెచ్చాడు. రక్తమే అయితే ఒక్క ఊళ్ళోనే ఎందుకు ఊరింది? రోహ్‌తక్, హిసార్ ఆ పక్కనే కదా, రక్తం జిల్లా సరిహద్దు దగ్గర ఆగిపోతుందా? భివానీలో ఉన్నది వేరే. 1966, 1970 ఏషియన్ గేమ్స్ రెండింట్లోనూ బంగారు పతకం కొట్టిన హవా సింగ్ అక్కడ కుర్రాళ్ళని తయారుచేశాడు. తర్వాత జగదీశ్ సింగ్ లాంటి కోచ్‌లు వచ్చారు. పొద్దున్నే లేచి వెళ్తే నీకన్నా బాగా ఆడేవాడు నిన్ను కొట్టడానికి సిద్ధంగా ఉంటాడు. అదీ అక్కడి రక్తం.

అంత దూరం ఎందుకు, మా నిజామాబాదే తీసుకోండి. మహమ్మద్ హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ గేమ్స్‌లో, 2023 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యాలు తెచ్చాడు. వాళ్ళ నాన్న సంసముద్దీన్ బాక్సింగ్ కోచ్. "చూశావా, తండ్రి బాక్సర్ కొడుకు బాక్సర్, జీన్స్!" అంటారు. సరే. 2022లో, 2023లో వరసగా రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన నిఖత్ జరీన్‌కి తొలి గురువు కూడా ఆ సంసముద్దీనే. కొడుక్కి జన్యువులిచ్చాడనుకుందాం, నిఖత్‌కి ఏమిచ్చాడు? ఆ ఇచ్చినదేదో కొడుక్కి కూడా ఇచ్చే ఉంటాడు కదా! ఇంట్లో కోచ్ ఉన్న పిల్లాడికి వచ్చింది నెత్తుటి నుంచో, రోజూ పొద్దున లేపడం నుంచో విడదీసి చెప్పగలిగే మొనగాడు ఎవడూ లేడు. నిఖత్ 2017లో భుజం గాయంతో చాలాకాలం ఆటకి దూరమైంది. 2019 డిసెంబరు ట్రయల్స్‌లో మేరీ కోమ్ చేతిలో 9-1తో ఓడింది. రెండున్నరేళ్ళకి ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్. ఆ మధ్యలో ఆమె జీన్స్ ఎవరూ అప్‌గ్రేడ్ చేయలేదు.

ఇలా రాస్తుంటే "కష్టపడితే ఎవడైనా అలీ అవ్వొచ్చు" అనే బాపతులో నన్ను కూడా కలిపేసుకుంటారేమో, ఆ పని చేయకండి. అదీ అబద్ధమే. ఆ మాట నమ్మించి పిల్లల చేత వాంతులయ్యేదాకా చేయించే కోచ్‌లని చూశాను. పుట్టుక ఇచ్చేది పుట్టుక ఇస్తుంది. ఫిన్లాండ్ స్కీయర్ ఈరో మాంటిరాంటాకి పుట్టుకతోనే ఒక జన్యువులో మార్పు ఉండేది. రక్తంలో హిమోగ్లోబిన్ మామూలు మనుషుల కన్నా చాలా ఎక్కువ. ఒలింపిక్స్‌లో ఏడు పతకాలు తెచ్చాడు. ఆ మార్పు సాయపడలేదని ఎవరూ అనరు. ఒలింపిక్ ఫైనల్లో ఇద్దరూ ప్రాణం పెట్టి పదేళ్ళు సాధన చేసినవాళ్ళే ఎదురెదురుగా నిలబడ్డప్పుడు, మిగిలిన ఆ వెంట్రుకవాసి తేడా పుట్టుకదే కావచ్చు. కానీ మా వాడింకా జిల్లా పోటీలు కూడా ఆడలేదు. అక్కడ వాడు ఓడితే గార్డు దించేసినందుకు ఓడతాడు, ఊపిరి బిగబట్టినందుకు ఓడతాడు. పైకప్పు ఎక్కడుందో తెలియాలంటే ముందు నిచ్చెన ఎక్కాలి కదా. ఉమ్మి చూసి పైకప్పు కొలిచాం అనేవాణ్ణి ఏమనాలి?

నాకు కోపం ఆ కంపెనీ మీద కన్నా మన మీద ఎక్కువ. మా నాన్నకి షుగర్, తాతకి షుగర్, కాబట్టి నాకూ తప్పదని ముప్పై ఏళ్ళకే తీర్మానించుకుని నడక మానేసిన టీమ్ లీడ్‌లు నాకు నలుగురు తెలుసు. నేర్చుకోవాల్సిన ప్రతి పనికీ "అది వాడికి నాచురల్‌గా వచ్చు" అని బిళ్ళ అంటించి చేతులు దులుపుకునే అలవాటు మనది. మన చేతులు దులుపుకుంటే దులుపుకున్నాం, పిల్లల చేతులు కూడా మనమే దులపడమెందుకు?

పోయిన ఆదివారం బావకి ఫోన్ చేసి వరి మడి సంగతీ, ఫోర్‌మన్ సంగతీ గంటసేపు చెప్పాను. వ్యవసాయం ఇంట్లో పుట్టినవాడు కాబట్టి మడి లెక్క వెంటనే పట్టుకున్నాడు. "మరి గా రిపోర్టుకి పైసలెందుకు తగలేస్తివి?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. "సరే తియ్యి, పరీక్షలైపోనీ, సూద్దాం" అన్నాడు. మా బావ నోట "సూద్దాం" అంటే అవునూ కావచ్చు, కాదూ కావచ్చు.

తర్వాత అక్క విడిగా ఫోన్ చేసింది. వాడు పొద్దున అయిదింటికే డాబా మీద తాడాట ఆడుతున్నాడట, కింద వాటావాళ్ళు నిద్ర చెడుతోందని గొడవ చేస్తున్నారట. బావకి తెలుసట కానీ తెలియనట్టే ఉంటున్నాడట. తాడు తెగిపోయేలా ఉంది, కొత్తది పంపమంది.

నిన్ననే పంపాను.